తిరుపతిలో పెరటి కాక్టస్ తోట: నీళ్ళు నిలిచే నేలలో ఎలా వేయాలి?

ప్రశ్న (పెరటివైపు)

నమస్కారం. తిరుపతిలో మా ఇంటి వెనుక సుమారు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల పెరడు ఖాళీగా ఉంది. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్ళిపోతాము, పగలంతా ఇంట్లో అమ్మ ఒక్కరే ఉంటారు. వంగి కలుపు తీయడం, రోజూ నీళ్ళు పట్టడం ఆమె వల్ల కాదు. అందుకని గులాబీలు, మల్లెల జోలికి పోకుండా, ఒకసారి వేస్తే పెద్దగా చాకిరీ అడగని కాక్టస్ తోట వేద్దామనుకుంటున్నాము.

స్థలానికి పడమటి ఎండ బాగా తగులుతుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా నీడ అన్న మాట లేదు. పైన జానెడు ఎర్రమట్టి, దాని కింద గట్టి గరుసు ఉన్నాయి. ఆగ్నేయ మూల కొంచెం పల్లం కావడంతో కార్తీక మాసపు వానలకు అక్కడ రెండేసి రోజులు నీళ్ళు నిలుస్తాయి. బోరు నీళ్ళు పట్టిన బక్కెట్లకు తెల్లటి పొర కడుతుంది.

తోట పని చేయించే ఒకాయనను అడిగితే, అడుగు లోతు తవ్వి ఇసుక నింపి, పైన ప్లాస్టిక్ షీటు పరచి తెల్ల గులకరాళ్ళు పోస్తే పదేళ్ళు చూసుకోనక్కరలేదని చెప్పారు. ఇది సరైన పద్ధతేనా? మన ఎండకు ఏ మొక్కలు నేలలో నేరుగా నిలుస్తాయి? సెలవులకు పిల్లలు వస్తుంటారు కనుక, ముళ్ళ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు కూడా దయచేసి చెప్పండి. ముళ్ళ చెట్లు ఇంటికి మంచివి కావని అమ్మ సణుగుతున్నారు. అది వేరే సంగతి.

జవాబు (చంద్రగిరి తోట)

తవ్వించకండి. మీకు చెప్పదలచుకున్న దానిలో ముఖ్యమైనది ఇదే.

కాక్టస్ అనగానే అందరి దృష్టీ ఎండ మీదకు పోతుంది గానీ, తిరుపతిలో ఈ మొక్కలను చంపేది ఎండ కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య ఋతుపవనాల వాన. నైరుతి వానలు మన దగ్గర మధ్య మధ్య తెరిపి ఇస్తూ పడతాయి కనుక నేల ఆరుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం వెనుక వాయుగుండం పుడుతున్నప్పుడు మాత్రం వారాల తరబడి మట్టి తడి ఆరదు. 2021 నవంబరులో వీధులు ఏరులైన సంగతి తిరుపతి వాళ్ళకు ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. వేళ్ళ చుట్టూ గాలి ఆడక, పైగా నేల వెచ్చగా ఉంటే, రెండు మూడు రోజుల్లోనే కాక్టస్ మొదలు మెత్తబడి కుళ్ళుతుంది. పైకి పచ్చగానే కనిపిస్తుంది, చేత్తో తోస్తే పక్కకు ఒరిగిపోతుంది.

గట్టి గరుసులో అడుగు లోతు గుంత తీసి ఇసుక నింపితే అది సిమెంటు తొట్టి లాగానే పని చేస్తుంది: చుట్టుపక్కల నేలలోని నీరంతా దానిలోకి దిగుతుంది, బయటికి పోయే దారి ఉండదు. అందుచేత కిందికి పోవలసిన పని లేదు, పైకి లేపాలి. పడమటి గోడకు రెండు అడుగులు విడిచి, నడుమ అడుగున్నర ఎత్తు వచ్చి అంచులకు వాలుగా దిగేటట్లు పొడవాటి గుట్ట పోయించండి.

గుట్టకు వాడే మట్టి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తోట బతకడం దీని మీదే ఆధారపడి ఉంటుంది. రెండు పాళ్ళు ఎర్ర గరుసు, రెండు పాళ్ళు పావు అంగుళం రాతి చిప్స్, ఒక పాలు దొడ్డు ఇసుక, అర పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపితే సరిపోతుంది. చిప్స్‌ను జల్లెడ పట్టి పొడి తీసేయాలి. క్రషర్ పొడి కలిస్తే తడిసి ఆరిన తరువాత గచ్చులా బిగిసిపోతుంది. అడుగున కంకర, దాని మీద ఇసుక, ఆ పైన మట్టి అని పొరలు పొరలుగా వేయించవద్దు. పై మట్టి సన్నగా, కింది రాయి దొడ్డుగా ఉన్నప్పుడు నీరు రెండింటి మధ్య ఆగుతుందే తప్ప తేలిగ్గా దిగదు. గుట్ట పొడవునా, లోతునా ఒకే మిశ్రమం ఉండాలి. ఇల్లు పడగొట్టిన సిమెంటు పెళ్ళలు అసలు కలపనీయకండి, వాటిలోని సున్నం మట్టిని చెడగొడుతుంది.

మిశ్రమం కుదిరిందో లేదో చూడడానికి గుప్పెడు తీసుకుని తడిపి, గట్టిగా పిడికిలి బిగించి తెరవండి. ఉండ కట్టి అలాగే నిలిస్తే బంక ఎక్కువైనట్లు, ఇంకా చిప్స్ కలపాలి. వేలితో తట్టగానే విడిపోతే సరిపోయినట్లు.

ప్లాస్టిక్ షీటు వద్దే వద్దు. దాని కింద తడి ఆవిరి కాక కమిలిపోతుంది, మొక్క కోసం కోసిన కంతలోంచే తుంగ కూడా పైకి వస్తుంది. తుంగ, గరిక ఉంటే గుట్ట పోయకముందే ఒకసారి తవ్వి గడ్డలు ఏరించి, నీళ్ళు పెట్టి మొలవనిచ్చి, మళ్ళీ ఏరించండి. ఇది విసుగు పుట్టించే పనే, అయినా దీన్ని ఎగ్గొడితే తరువాత ముళ్ళ మధ్య చెయ్యి పెట్టి కలుపు తీయవలసి వస్తుంది. తెల్ల గులకరాళ్ళు పడమటి ఎండను మొక్క అడుగుభాగం మీదికి తిప్పి కొడతాయి, మొదటి వానకే పాచి పట్టి పచ్చబడతాయి. మన దగ్గర దొరికే బూడిద, గులాబీ రంగు గ్రానైటు చిప్స్ రెండు అంగుళాల మందాన పరిస్తే చూడడానికీ బాగుంటుంది.

ఆగ్నేయ మూలలో ఏమీ నాటవద్దు. గుట్ట నుంచి జారిన నీరు అక్కడికి చేరేటట్లు చిన్న కాలువ తీసి, ఆ మూలలో ఇంకుడు గుంత పెట్టించండి. పల్లం అలా కూడా అక్కరకొస్తుంది.

జవాబు (మదనపల్లె నర్సరీ)

పై వారు నేల సంగతి పూర్తిగా చెప్పారు. నేను మొక్కల గురించి చెబుతాను.

మా మదనపల్లె ఎత్తు మీద ఉండడం వల్ల ఎండాకాలంలో కూడా రాత్రికి కాస్త చల్లబడుతుంది. తిరుపతిలో మే నెల రాత్రిళ్ళు ఉక్కగానే ఉంటాయి. కాక్టస్ పగలు ఆకుమొక్కల్లా గాలి పీల్చదు. తన సూక్ష్మరంధ్రాలను రాత్రి చల్లదనంలో తెరిచి, బొగ్గుపులుసు వాయువును పట్టి దాచుకుని, పగటి వెలుతురులో వాడుకుంటుంది. రాత్రి కూడా వేడి తగ్గకపోతే ఆ పని దాదాపు ఆగిపోతుంది. అందువల్ల మా దగ్గర ఏడాది పొడవునా కళకళలాడే చిన్న మామిల్లేరియాలు, జిమ్నోకాలిసియంలు మీ ఊరి నేలలో ఇబ్బంది పడతాయి. వాటి మీద మోజు ఉంటే మట్టి కుండీలలో వేసి, తూర్పు చూరు కింద వాన పడని చోట పెట్టుకోండి.

గుట్ట మీద వెనుక వరసకు నిలువుగా పెరిగే సెరియస్ రెండు మూడు చాలు. గోడకు ఆనుకోకుండా కొంచెం దూరంగా నాటితే, కొన్నేళ్ళకు వేసవి రాత్రులు అరచెయ్యంత తెల్లని పూలు పూస్తాయి. తెల్లవారి ఎండ ఎక్కేసరికి వాడిపోతాయి కనుక చూడాలంటే రాత్రి మేలుకోవాలి. నడుమ భాగానికి పసుపు ముళ్ళతో గుండ్రంగా ఉండే గోల్డెన్ బ్యారెల్ మంచిది. ఇది మెక్సికో మొక్క, సహజ స్థలాల్లో అరుదైపోయినా నర్సరీల్లో విత్తనం నుంచి విరివిగా పెంచుతున్నారు. నిదానంగా పెరుగుతుంది కనుక మొక్కకు మొక్కకు రెండు అడుగులు విడిస్తే చాలాకాలం వరకు కదిలించనక్కరలేదు. రంగు కావాలంటే ముందు వరసలో అడీనియం (ఎడారి గులాబీ) వేయండి, మన ఎండను అది కోరి తాగుతుంది. అయితే దాని పాలు విషం, పిల్లలకు చెప్పి ఉంచాలి. పెద్ద కిత్తనారను మీ పెరట్లోకి తేవద్దు. ఎదిగితే ఐదారు అడుగుల అడ్డం ఆక్రమించి, సూదుల వంటి కొనలతో దారిన పోయేవారిని గీరుతుంది.

నేను అమ్మేవాడినే అయినా రెండు మాటలు చెప్పక తప్పదు. ఎర్రగా, పసుపుగా బంతిలా ఉండే మూన్ కాక్టస్‌లో పత్రహరితం ఉండదు. కింద అంటు కట్టిన పచ్చని కాండం పెట్టే తిండితోనే అది బతుకుతుంది, నేలలో ఎక్కువ కాలం నిలవదు. చిన్న కాక్టస్‌ల నెత్తిన ఎండు పూలు జిగురుతో అంటించి అమ్మడం కూడా ఉంది. పూవు గలగలమంటూ కాగితంలా ఉంటే వదిలేయండి.

నర్సరీలో షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చి ఒక్కసారిగా పడమటి ఎండలో పెడితే దాని చర్మం తెల్లగా కాలి, ఆ మచ్చ ఇక పోదు. మొదటి మూడు నాలుగు వారాలు పాత వల ముక్క కప్పి, మెల్లగా తీసేయండి. కొనేటప్పుడు మొక్కకు దక్షిణం వైపు ఏదో కుండీ మీద సుద్దతో గుర్తు పెట్టించుకుని, నాటేటప్పుడు ఆ ముఖాన్ని అటే తిప్పితే కాలడం ఇంకా తగ్గుతుంది. సంక్రాంతి దాటాక నాటండి. వానలు వెనకబడి, ఎండ ముదరకముందే వేళ్ళు పట్టుకుంటాయి. నాటిన వారం దాకా నీళ్ళు పోయవద్దు, తెగిన వేళ్ళ గాయాలు ఆరాలి.

జవాబు (చిత్తూరు మాస్టారు, విశ్రాంత వృక్షశాస్త్రం)

ముళ్ళ గురించి అడిగారు. పొడవాటి ముల్లు కనబడుతుంది కనుక పిల్లలే దూరంగా ఉంటారు. కనబడని నూగు ముల్లే ఎక్కువ బాధిస్తుంది. కుందేలు చెవుల్లా ఉండే చిన్న ఒపన్షియా మీద పసుపు చుక్కల్లా కనిపించేవి నిజానికి వందల సన్నని ముళ్ళ కుచ్చులు. తాకితే చర్మంలో దిగి రోజుల తరబడి గరగరలాడతాయి. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ మొక్క వద్దు. పొరపాటున దిగితే రుద్దకుండా, అంటుకునే టేపు వేసి లాగాలి.

బొంతజెముడు, కాడజెముడు కాక్టస్ కుటుంబానివి కావు, యుఫోర్బియాలు. విరిస్తే కారే తెల్లటి పాలు కంటిలో పడితే తీవ్రమైన మంట, వాపు వస్తాయి. అవి వేస్తే మీ అమ్మగారు కూర్చునే చోటికి దూరంగా వేయండి, కత్తిరించేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి.

మన పొలాల గట్ల మీద ఒకప్పుడు కంచెగా పెరిగిన నాగజెముడు అసలైన కాక్టసే, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. ఎర్ర రంగు కోసమని నాగజెముడు జాతి మొక్కల రసం పీల్చి బతికే కొచినీల్ పురుగును 1795లో బ్రెజిల్ నుంచి మన దేశానికి తెచ్చారు. తరువాత అదుపు తప్పిన నాగజెముడును అణచడానికి 1926లో శ్రీలంక నుంచి మరొక కొచినీల్ జాతిని తెప్పించారు. ఈ కథ మీకు పనికివచ్చేది ఎందుకంటే, ఇప్పటికీ ఆ పురుగు నాగజెముడు మీద తెల్లని దూదిపింజల్లా కనబడుతుంది. ఒక పింజను పుల్లతో నలిపి చూడండి: చిక్కని ఎర్రరంగు వస్తే కొచినీల్, రాకపోతే పిండినల్లి కావచ్చు. రెండింటికీ మొదట నీటిధారతో కడిగి, మిగిలినవాటిని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవడమే సులభం. వేపనూనె కొట్టదలిస్తే ఎండ దిగాకే కొట్టాలి, లేకపోతే చర్మం మాడుతుంది.

కొంత చోటు మన మొక్కలకూ ఇవ్వండి. పచ్చడికి పనికివచ్చే కుందేటికొమ్ములు, చాగ, కలబంద, గోడవెంట నల్లేరు, ఇవన్నీ ఈ నేలకు అలవాటైనవే. అయితే వాటి కోసం శేషాచలం కొండెక్కి పెరికి తేవద్దు. అది 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన అడవి, మొక్క తీయడం నేరమవుతుంది. తెలిసినవారి చేలగట్టు నుంచి ఒక కొమ్మ అడిగి తెచ్చుకుంటే చాలు. మీ అమ్మగారి సణుగుడుకు వాదం పెట్టుకోకండి. దృష్టి తగలకుండా గుమ్మానికి కలబంద కట్టే ఇళ్ళు మన వైపు ఎన్నో ఉన్నాయి, దానికీ ముళ్ళు ఉన్నాయి కదా.

ప్రశ్న కొనసాగింపు (పెరటివైపు)

అందరికీ కృతజ్ఞతలు. గుట్ట పద్ధతే ఖాయం చేసుకున్నాము; కలబంద మాట విని అమ్మ ఏమీ అనలేదు. ఇక నీళ్ళు ఎన్నాళ్ళకొకసారి పోయాలి, బోరు నీటి తెల్లపొర వల్ల ఇబ్బంది ఉంటుందా, ఏడాదిలో అసలు మిగిలే పని ఎంత, ఇవి చెబితే చాలు.

జవాబు (చంద్రగిరి తోట)

వేళ్ళు పట్టుకున్న తరువాత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పది పదిహేను రోజులకొకసారి, సాయంత్రం పూట, గుట్ట లోపలి వరకు తడిసేటట్లు పోయండి. రోజూ చెంబెడు పోయడం కన్నా ఇది మేలు. మే నెలలో మొక్క ముడుచుకుపోయినట్లు కనిపించినా జాలిపడి నీళ్ళు గుమ్మరించవద్దు, ఆ నెలలో అది నిద్రలో ఉన్నట్లే. జూన్ నుంచి వానలే చూసుకుంటాయి, నెల రోజులు చినుకు పడకపోతేనే ఒక తడి ఇవ్వాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు గొట్టం ముట్టుకోనే వద్దు.

బోరు నీటి ఉప్పు నేలలో వేసిన మొక్కలకు పెద్ద బెడద కాదు, ఏటా కార్తీక వానలు దాన్ని కడిగేస్తాయి. వాన తగలని కుండీలలోనే మొదలు చుట్టూ తెల్లటి చెక్కు కడుతుంది కనుక, వాటికి మాత్రం మిద్దె మీది వాననీరు ఒక డ్రమ్ములో పట్టి వాడండి.

మిగిలే పని ఏడాదికి మూడు పూటలు. తొలకరి తరువాత మొలిచిన కలుపును వేరు పాతుకోకముందే పొడవాటి పట్టకారుతో లాగేయాలి. దసరాకు ముందు కాలువలో, ఇంకుడు గుంతలో పేరుకున్న మట్టి తీయించాలి, మూడింటిలో ఇదొక్కటీ వాయిదా వేయకూడనిది. వానలు వెళ్ళాక సెరియస్ కాండం మీది గాడుల మధ్య చిక్కుకున్న వేపాకులను బ్రష్షుతో దులపాలి, అవి తడిసి మురిగితే కుళ్ళు అక్కడి నుంచే మొదలవుతుంది. గుట్ట అంచు రాళ్ళ కింద తేళ్ళు చేరడం మన ప్రాంతంలో మామూలే కనుక, రాయి కదిలించవలసి వస్తే చేత్తో కాకుండా గడ్డపారతో ఎత్తి చూడమని పనివాళ్ళకు ముందే చెప్పండి.