విజయవాడలో బుడమేరు వాగు వైపు సగం ధరకు వచ్చే స్థలం కొనవచ్చా?

పాయకాపురంలో స్థలం చూస్తున్నాను:
అజిత్‌సింగ్ నగర్ దాటాక 150 గజాల స్థలం చూశాము. పటమటలో చెప్పే ధరలో సగం కూడా లేదు. ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించాను. లింకు దస్తావేజులు వరుసగా ఉన్నాయి, లేఅవుటుకు అనుమతి ఉంది, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధిత జాబితాలో లేదు. మా బావగారు మాత్రం 2024 వరద గుర్తు చేసి వద్దంటున్నారు. కాగితాలు ఇంత శుభ్రంగా ఉన్నా వెనకాడాలా?

సత్యనారాయణపురం వాసి:
వెనకాడాలండీ. ఆ భూమి ఎవరి నుంచి ఎవరికి రిజిస్టరు అయింది, తాకట్టులో ఉందా అన్నది ఈసీలో తెలుస్తుంది. అక్కడ నీరు ఎంత లోతున నిలిచిందో అందులో ఉండదు.

2024 సెప్టెంబరు 1న ఆ పేటలను ముంచింది బుడమేరు. వెలగలేరు దగ్గర నుంచి మళ్లింపు కాలువ ఆ వరదను కృష్ణలో కలపాలి. ఆ రోజుల్లో కృష్ణే పొంగి ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. నీరు కొల్లేటి వైపు తన పాత దారి పట్టింది, ఆ దారిలో మన ఇళ్లున్నాయి.

మా అక్క వాళ్లిల్లు అక్కడే. బురద గీత నా ఛాతీ ఎత్తున పడింది. రెండుసార్లు రంగు వేయించారు, అయినా వానాకాలం రాగానే గోడ మీద అదే ఎత్తున చెమ్మ ఊరుతుంది. బియ్యం డబ్బా ఇప్పటికీ అటక మీదే ఉంచుతుంది. మీరు చూసిన వీధిలో కరెంటు మీటర్లు ఎంత ఎత్తున ఉన్నాయో గమనించండి.

కండ్రిక మేస్త్రి:
అందరూ పటమటలో కొనగలరా? వేల కుటుంబాలు ఇక్కడ కష్టపడి ఇళ్లు కట్టుకున్నాయి. వరద పేట అని ముద్ర వేస్తే రేపు అవసరానికి అమ్ముకోవడానికి కూడా ధర రాదు, ఆ బాధ మాకు తెలుసు. మెరక తోలించి, రోడ్డుకు మూడడుగులు పైన పునాది లేపితే నిశ్చింతగా ఉండవచ్చు.

సత్యనారాయణపురం వాసి:
మేస్త్రి గారూ, ఆ కుటుంబాల్లో మాదీ ఒకటి. మెరక లెక్కే చూద్దాం. 150 గజాలంటే 1,350 చదరపు అడుగులు. మూడడుగులకు 4,050 ఘనపుటడుగుల మట్టి, వంద ఘనపుటడుగులు ఒక యూనిట్ కాబట్టి నలభై యూనిట్ల పైమాటే. అణిగాక మళ్లీ తోలాలి. రిజిస్ట్రేషన్‌కు పోయే 7.5 శాతానికి ఇదీ కలపండి, చవక ఎంత మిగులుతుందో తెలుస్తుంది. అంతా చేసినా వీధి మునుగుతుంది, మన మెరక నెట్టిన నీరు పల్లంలో ఉన్న పక్కింటికి పోతుంది. ఆ వరదలో మా అక్క మేడ మీద ఉంది, పొడిగానే ఉంది. అయినా మూడో రోజున ట్రాక్టరు వచ్చేదాకా బావగారి షుగరు మాత్రలు అందలేదు.

పాయకాపురంలో స్థలం చూస్తున్నాను:
నిన్న సాయంత్రం మా ఆవిడతో మళ్లీ వెళ్లాను. సందు చివర ఒక పెద్దావిడ తన ఇంటి మెట్ల దగ్గరకు తీసుకెళ్లి నీరు ఏడో మెట్టు దాకా వచ్చిందని చూపించారు. కింది గదిలో ఇప్పుడు ఎవరూ పడుకోరట. సోమవారంలోగా బయానా ఇవ్వమని బ్రోకరు అడిగారు, ఇవ్వలేనని ఫోను చేసి చెప్పాను. మెరక వీధిలో తొంభై గజాలు దొరికినా చాలు, చూస్తున్నాము.