బోదె గట్టు మీద ఇంతలేసి ఆకులున్న మొక్క, ఏంటండి ఇది?

లంకతోట:
అందరికీ నమస్కారం అండి. మాది పి.గన్నవరం దగ్గర, వైనతేయ పాయ పక్కన లంక ఊరు. మా చిన్నమావయ్య వాళ్ళ కొబ్బరితోట వెనకాల పాత బోదె ఒకటుంది, నీళ్ళు రావడం మానేశాక ఎవరూ అటెళ్ళరు, అంతా తుప్పలూ బురదానూ. మొన్న కొబ్బరికాయల దింపు తీయించడానికి వెళ్ళినప్పుడు అక్కడో మొక్క కనబడింది, చూడ్డానికి చేమే కానీ ఇంతేసి చేమాకు నాకు బుద్ధెరిగాక చూళ్ళేదు. ఆకొక్కటే నా నడుం దాకా వస్తోంది, మావయ్య చెయ్యెత్తినా పై ఆకు కొస అందట్లేదు, అడుగున అరటిచెట్టుకున్నంత లావు కాండం. ఎవరూ నాటింది కాదు, ఎరువు పడింది కాదు. దింపు తీసే ఆయన అడవికంద అంటాడు, అమ్మమ్మ చేమే అంటుంది, తమ్ముడు ఫోన్ యాప్‌లో పెడితే ఫొటోకో పేరు చెప్పింది. ప్రపంచంలోకెల్లా పెద్ద పువ్వు పూసే మొక్కని వాట్సాప్‌లో ఒకటి తిరుగుతుంది కదా, అదేనా? దుంప తవ్వి వండుదామా అని కూడా ఇంట్లో మాట. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రాజోలు రైతు:
ముందు తవ్వడం ఆపండమ్మా. తర్వాత పేరు సంగతి. మేం కొబ్బరిలో అంతరపంటగా కంద వేస్తాం కాబట్టి ఒకటి గట్టిగా చెప్పగలను, అది కంద కాదు, అడవికందా కాదు. కందకి దుంపలోంచి ఒకే కాడ లేస్తుంది, కాడ మీద మచ్చలుంటాయి, పైన ఆకు చీలికలు చీలికలుగా గొడుగు తెరిచినట్టు పరుచుకుంటుంది. మీరు చెప్పేది నిండు ఆకు. వాట్సాప్ పువ్వు కూడా అది కాదు. అది సుమత్రా అడవుల్లోది, మన కందకి దగ్గరి చుట్టం, వాసన కూడా కుళ్ళిన మాంసంలా మన కంద పువ్వు వాసనే. మన దగ్గర తొలకరి ముందు కంద పువ్వు నేల చీల్చుకుని వస్తే చాలు ఎవరో ఒకరు వింత పువ్వు అని ఫొటో పెట్టేస్తారు.

బోటనీ మాస్టారు, కాకినాడ:
రాజోలు ఆయన కరెక్టుగా చెప్పారు. సుమత్రా మొక్క పేరు అమార్ఫోఫాలస్ టైటానమ్, 1878లో బెక్కారి అనే ఇటలీ ఆయన దాన్ని చూసి రాశాడు, 1889లో లండన్ క్యూ గార్డెన్లో పూసింది. పూగుత్తి మూడు మీటర్ల దాకా లేస్తుంది కానీ అది ఒక్క పువ్వు కాదు, ఒకే కాడ చుట్టూ వందల చిన్న పూలు.

ఇక మీ మొక్క. సైజు చూసి పేరు పెట్టకండి, యాప్ తికమకపడేది అక్కడే. నీడ, తేమ, గోదారి ఒండ్రు మూడూ దొరికితే మామూలు చేమ కూడా ఎండలో ఉన్నదానికి రెట్టింపు ఆకు వేస్తుంది. కాడ ఆకుని ఎక్కడ కలుస్తుందో చూడండి. చేమకి ఆకు పైభాగంలో రెండు చెవుల మధ్య చీలిక ఉంటుంది కదా, కాడ ఆ చీలిక దగ్గర కాకుండా కాస్త లోపలికి, ఆకు వీపు మీద అతుక్కుంటుంది, ఆకు కొస నేలకేసి వాలుతుంది, పైన నీళ్ళు పోస్తే ముత్యాల్లా జారిపోతాయి. చీలిక సరిగ్గా కాడ దాకా దిగి, ఆకు నిగనిగలాడుతూ కొస ఆకాశం వైపు నిక్కి, నేల పైన లావు కాండం ఉంటే చేమకి చుట్టమైన అలొకేసియా మాక్రోరైజోస్ అనుకోవచ్చు. అదే అయితే ఆకు అడుగున నడిమి ఈనెలోంచి పక్క ఈనెలు చీలే మూలల్లో చిన్న మైనపు చుక్కలుంటాయి. ఈ పోలికతోనే జాంతోసోమా అని అమెరికా ఖండం మొక్క ఇంకోటుంది, దానికి ఆకు అంచు వెంబడే ఒక ఈనె చుట్టూ తిరుగుతుంది. లేత మొక్కలు నమ్మకండి, అలొకేసియా చిన్నప్పుడు కాడ చేమలాగే లోపలికి అతుక్కుంటుంది. ముదురు ఆకే చూడాలి.

కోరంగి అభిమాని:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి మాస్టారూ, కోరంగి మడ అడవిలో చెక్కవంతెన పక్కన మనిషెత్తు దాటిన ఫెర్న్ పొదలున్నాయి, అవేంటి?

బోటనీ మాస్టారు, కాకినాడ:
ఆక్రోస్టికమ్ ఆరియమ్ అయ్యుంటుందండి, ఉప్పునీటి బురదలో బతికే ఫెర్న్. పై రెబ్బల అడుగు తుప్పు రంగులో మెత్తగా వెల్వెట్ రుద్దినట్టుంటే అదే, ఆ మెత్తదనమంతా సిద్ధబీజాలది, అంటే ఫెర్న్‌కి విత్తనాల బదులుండే పొడిది.

లంకతోట:
మాస్టారూ, ఇవాళ మావయ్యతో మళ్ళీ వెళ్ళొచ్చాం. ముదురాకు చూశాం, చీలిక కాడ దాకా దిగింది, కొస పైకే ఉంది, అంచు ఈనె లేదు, అడుగున ఆ చుక్కలూ ఉన్నాయి! అమ్మమ్మ ఒప్పుకుంది. మరి ఇక్కడికెలా వచ్చింది, వండుకోవడం కుదరదా?

బోటనీ మాస్టారు, కాకినాడ:
అయితే అలొకేసియానే. ఆగ్నేయాసియా దీవుల మొక్క, అందానికి ఊరూరా పెంచుతారు. ఎవరి పెరట్లోనో పీకి పారేసిన ముక్క వరదకి కొట్టుకొచ్చి మీ బోదెలో వేరు పట్టి ఉంటుంది. ఈ జాతుల ఆకు ఎంత పెద్దదవుతుందో చెప్పాలంటే 1966లో మలేషియా సబాలో దొరికిన అలొకేసియా ఆకు 3.02 మీటర్ల పొడవు, 1.92 మీటర్ల వెడల్పు. వండుకోవడం మాత్రం వద్దు. సమోవా, టోంగా లాంటి దీవుల్లో తింటారు, కానీ అవి వాళ్ళు తరతరాలుగా ఏరి పెంచుకున్న రకాలు, అదీ చాలాసేపు ఉడికించాకే. ఈ మొక్కల్లో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లా ఉంటుంది, నోట్లో గుచ్చుకుని నాలుకా గొంతూ వాస్తాయి. కందకి చింతపండు వేసి దురద తగ్గించినట్టు దీనికి చేద్దామనుకోవద్దు. కాడ విరిస్తే రసం కంట్లో పడకుండా చూసుకోండి, పడితే నీళ్ళతో బాగా కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. గొంతు వాస్తే ఒక్క నిమిషం కూడా ఆగకండి.

రాజోలు రైతు:
పీకేయాలా మాస్టారూ? గుర్రపుడెక్కతో మా కాలవలు ఇప్పటికే సచ్చిపోతున్నాయి.

బోటనీ మాస్టారు, కాకినాడ:
పారే కాలవలో ఉంటే పీకమనేవాణ్ణి. నీళ్ళు లేని బోదె కాబట్టి ఉంచండి, ముక్కలు మాత్రం నీళ్ళలో వేయొద్దు. పూసినప్పుడు మనిషిని పక్కన నిలబెట్టి మొక్కంతా ఒకటి, ఆకు అడుగు ఒకటి, కాడ అతుకు ఒకటి, పూత, పళ్ళు ఫొటోలు తీసిపెట్టండి. పండితే ఎర్రటి పళ్ళ గుత్తి వస్తుంది, పిల్లలు ముట్టకుండా చూడండి. ఆ ఫొటోలు ఇక్కడ పెడితే పేరు ఖాయం చేసుకుందాం.

లంకతోట:
అలాగేనండి. మావయ్య అటు మేకలు వెళ్ళకుండా ముళ్ళకంప వేస్తానన్నాడు.