పక్షవాతం వచ్చిన మనిషిని 108 వారు ఏ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి?

ప్రశ్న (టెక్కలి దగ్గరి పల్లె నుంచి):
గత నెలలో ఒకరోజు తెల్లవారుజామున మా నాన్నగారు టీ తాగుతుండగా కుడిచేతిలోని గ్లాసు జారిపోయింది. మూతి ఎడమవైపుకు లాగేసి, మాట ముద్దముద్దగా వచ్చింది. 108 బండి త్వరగానే వచ్చింది గాని, దగ్గరలోని ఆసుపత్రికే తీసుకువెళ్లమని మేమే పట్టుబట్టాము. అక్కడ స్కానింగ్ లేదని తెలిసి శ్రీకాకుళం బయలుదేరేసరికి గంటన్నర గడిచిపోయింది. ఇప్పుడు ఆయన కర్ర సాయంతో నడుస్తున్నారు. ఏ ఆసుపత్రికి వెళ్లాలన్నది దేన్నిబట్టి నిర్ణయించాలి?

జవాబు (అంబులెన్సు టెక్నీషియన్, శ్రీకాకుళం):
ముందుగా రోగిని నవ్వమంటాము, రెండు చేతులూ చాచి ఎత్తమంటాము, ఒక వాక్యం పలకమంటాము. షుగరు బాగా పడిపోయినా ఇవే లక్షణాలు కనిపించవచ్చు కాబట్టి వేలికొన నుంచి చుక్క రక్తం తీసి చూస్తాము. ఆ తరువాత అడగవలసిన ముఖ్యమైన ప్రశ్న, ఆయన మామూలుగా ఉండగా చివరిసారి ఎవరు, ఎన్ని గంటలకు చూశారన్నది. నిద్రలేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే, పడుకున్న వేళ నుంచే లెక్క కట్టాలి. దయచేసి ఆ సమయంలో నీళ్లు గాని మాత్రలు గాని నోట్లో వేయకండి, పొలమారుతుంది.

జవాబు (వైద్యుడు, విజయనగరం):
దగ్గరా దూరమా అన్నదానికంటే, ఆ వేళకు సీటీ స్కాన్ నడుస్తోందా, మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేవారు ఉన్నారా అన్నదే ప్రధానం. రోగి చివరిసారి మామూలుగా కనిపించిన వేళ నుంచి నాలుగున్నర గంటల లోపు ఇవ్వవలసిన ఆ మందు, మెదడులో రక్తస్రావమై ఉంటే ప్రాణానికే ముప్పు కాబట్టి స్కాన్ లేకుండా ఇవ్వకూడదు. పెద్ద రక్తనాళం మూసుకుపోతే గజ్జల దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగుతారు. తగిన రోగులకు దీన్ని 24 గంటల వరకూ చేయవచ్చు గాని, ఆ వసతి కోసం మనవాళ్లు విశాఖ వెళ్లవలసి వస్తుంది. నేరుగా అక్కడికే వెళ్లాలా? స్పెయిన్‌లోని కాటలోనియాలో జరిగి 2022లో వెలువడిన పరిశీలనలో, నేరుగా పెద్ద కేంద్రానికి వెళ్లినవారికీ, ముందు స్థానిక కేంద్రంలో ఆగినవారికీ మూడు నెలల తరువాత పెద్ద తేడా కనిపించలేదు. అయితే అక్కడి స్థానిక కేంద్రాల్లో ఇంజెక్షన్ ఇచ్చే ఏర్పాటు ఉంది. అది లేని చోట ఆగితే కాలం వృథా. విజయనగరం నుంచి విశాఖకు దాదాపు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 100 దాటుతుంది కనుక రెండు ఊళ్లకూ ఒకే లెక్క పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు:
నమస్కారం డాక్టరు గారూ. చివరిసారి ఎప్పుడు చూశారని మమ్మల్ని ఎవరూ అడగలేదు. నాలుగు గంటలకు పశువుల పాకలోకి వెళ్తూ అమ్మ ఆయనతో మాట్లాడింది, అప్పటికి మాట స్పష్టంగానే ఉంది. శ్రీకాకుళంలో రాత్రిపూట స్కాన్ తీసే చోట్లు కనుక్కుని, వాటి ఫోన్ నంబర్లు గోడమీది క్యాలెండరు మీద రాసిపెట్టాను.