మగచేప గర్భవతా, గర్భవంతుడా?

ప్రశ్న: పిల్లల పత్రిక కోసం పైప్‌ఫిష్ (పుల్లలా సన్నగా, గొట్టం లాంటి మూతితో ఉండే చేప) మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. గంగ, బ్రహ్మపుత్ర ప్రాంతాల మంచినీళ్లలో బతికే మైక్రోఫిస్ డియోకాటా అనే రకం గురించి. ఇందులో గుడ్లు మోసేది మగచేప. నేను ‘గర్భవతి అయిన మగచేప’ అని రాస్తే ఎడిటర్ గారు నవ్వి ‘గర్భవంతుడు’ అని దిద్దారు. ఏది ఉంచమంటారు?

జవాబు: రెండూ వద్దమ్మా. గర్భవతిలో ‘వతి’ ఆడవాళ్లదే. ‘గర్భవంతుడు’ వ్యాకరణానికి సరిపోతుంది గానీ ధనవంతుడు, బలవంతుడు పక్కన నిలబడి మీసం దువ్వుతున్నట్టుంది. ‘మగచేప కడుపుతో ఉంది’ అనొచ్చా అంటే, మన క్రియకు అభ్యంతరం లేదు. ఎద్దు వచ్చింది, ఆవు వచ్చింది, రెండిటికీ ఒకటే రూపం. చిక్కు క్రియలో లేదు, కడుపులో ఉంది. ఈ చేపలో గుడ్లు కడుపు లోపల ఉండవు.

సముద్రపు గుర్రం, పైప్‌ఫిష్ ఒకే కుటుంబం. సముద్రపు గుర్రం మగదానికి తోక మొదట్లో మూసి ఉండే సంచి ఉంటుంది. పైప్‌ఫిష్‌లలో కొన్ని తోక కింద మోస్తాయి, మైక్రోఫిస్ జాతివి పొట్ట కింద. ఆడది గుడ్లు తెచ్చి అక్కడ అంటిస్తుంది, పిల్లలు బయటికొచ్చేదాకా మగది మోసుకు తిరుగుతుంది. జతకట్టేటప్పుడు రంగుల పొట్ట చూపించి ముందుకొచ్చేది కూడా ఆడదే. అందుకని ‘పొదుగుతుంది’ అనండి.

ఇంకొకరు: మాస్టారూ, పొదగడం అంటే కోడి వెచ్చదనం ఇవ్వడం కదా? చేప ఒళ్లు నీళ్లంత చల్లగానే ఉంటుంది. మా కోనసీమలో కడుపుతో ఉన్నవాటిని సూడి గేదె, సూడి ఆవు అంటాం. ‘సూడి’కి వతి, వంతుడు గొడవ లేదు. అది వాడితే?

జవాబు: సూడి మంచి మాటేనండీ, కానీ వినగానే పశువుల కొట్టం గుర్తొస్తుంది. అదీగాక లోపల పెరిగే దూడకు చెందిన మాట. చేప గుడ్లకున్న మాట ‘జన’ అందామంటే అది ఆడచేప పొట్టలోది, చివరికి వేపుడులోకి వెళ్లేది. వెచ్చదనం సంగతి మీరన్నది నిజం, ‘పొదగడం’ నేనే వెనక్కి తీసుకుంటాను. ‘గుడ్లు మోస్తోంది’ చాలు. పిల్లలకు బొమ్మ కట్టినట్టు కనపడుతుంది.

అమ్మా, ఇంకో రెండు మాటలు. జంతువుల విషయంలో మన క్రియ ఆడా మగా చెప్పదు కాబట్టి ఈ వ్యాసంలో ప్రతిచోటా ‘ఆడది’, ‘మగది’ అని రాయక తప్పదు. ‘గుడ్లు పెట్టి మోస్తుంది’ అన్నారంటే చదివేవాళ్లకు అన్నీ తల్లే చేసినట్టు అర్థమవుతుంది. రెండోది, ‘తింటుంది’ అని సరిపెట్టకండి. దీని దవడలు గొట్టంలా కలిసిపోయి ఉంటాయి, పళ్లు లేవు. కొరకదు, నమలదు. నీళ్లలోని చిన్న చిన్న రొయ్య జాతి పురుగుల్ని నీటితో సహా జుర్రుకుంటుంది. జీర్ణాశయం కూడా లేదు, అందుకే రోజంతా అదే పని. ‘జుర్రుకోవడం’ లాంటి మాట మనకుండగా ‘పీల్చుకోవడం’ ఎందుకు?

మూడో ఆయన: ఉండే చోటు కూడా చెప్పండి. నీటి మొక్కలుండే లోతులేని చోట్ల పుల్లలా నిలబడిపోతుంది. జానెడు కూడా ఉండదు, ఒళ్లంతా ఎముక కట్లు. వీపు రెక్క అల్లాడిస్తూ మెల్లగా కదులుతుంది. మొక్కలు పీకేసి నీళ్లు బురద చేస్తే దాక్కోడానికి చోటే లేదు. బెంగాలీలో ఈ చేపల్ని కుమీరేర్ ఖిల్ అంటారు. కుమీర్ అంటే మొసలి!

ప్రశ్న అడిగినవారు: అందరికీ థాంక్స్. ఇలా మార్చాను: “ఆడచేప మగచేప పొట్ట కింద గుడ్లు అంటించి వెళ్తుంది. పిల్లలు ఈదుకుంటూ బయటికొచ్చేదాకా వాటిని మగచేపే మోస్తుంది.” ఎడిటర్ గారు ఒప్పుకున్నారు. ఇప్పుడాయన ‘పైప్‌ఫిష్’ తీసేసి ‘నాళమత్స్యం’ పెట్టమంటున్నారు. దానికి వేరే పోస్టు పెడతాను.