అమ్మ పోయాక బైబిల్లో ఏం చదివారు?

గుంటూరు_పిల్ల: అమ్మ ప్రభువునందు నిద్రించి నాలుగు నెలలైంది. ఆవిడ జిప్పు కవరు బైబిలు నా దగ్గరే ఉంది. జిప్పు సగంలో ఇరుక్కుంటుంది, ఎలాగో లాగి తెరిస్తే బామ్ వాసన. 23వ కీర్తన దగ్గర ఖాళీ కానుక కవరు పెట్టుకుంది. పగలు ఆఫీసులో బానే ఉంటాను, రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఏం చెయ్యాలో తోచదు. మీరేం చదివారు? ఇంకోటి, ఆదరణ కూడికలో (పోయినవాళ్ల కుటుంబం కోసం పెట్టే ప్రార్థనలో) మా పెద్దమ్మ "విశ్వాసులు ఏడవకూడదు" అంది, ఏమని చెప్పను?

నర్సక్క: మా ఆయన పోయినప్పుడు నాకూ అదే అన్నారమ్మా. 1 థెస్సలొనీకయులు 4:13 సగం చదివి నోరు మూయించడం. "నిరీక్షణలేని ఇతరులవలె" దుఃఖపడొద్దని ఉంది గానీ అసలే ఏడవొద్దని లేదు. చనిపోయిన లాజరును లేపబోతూ కూడా యేసయ్య ఏడ్చాడు, యోహాను 11:35 చూపించు మీ పెద్దమ్మకి. అన్నట్టు కూడికలో బిర్యానీ పెట్టలేదని మా ఆడపడుచు ఇప్పటికీ నాతో మాట్లాడదు.

హెబ్రీ_మాస్టారు: 23వ కీర్తన అన్నారు కాబట్టి చెప్తున్నా. వేదాంత కళాశాలలో మూడేళ్లు హెబ్రీ చదివినవాణ్ణి. "గాఢాంధకారపు లోయ" అని మనవాళ్లు రాసిందే కరెక్టు. ఇంగ్లీషు చూసి "మరణపు నీడ" అనేవాళ్లని చూస్తే చిరాకు. మూలంలో ఉన్నది సల్మావెత్, అంటే చీకటి, అంతే.

పాత_కీర్తన: మాస్టారూ, సల్ అంటే నీడ, మావెత్ అంటే మరణం. పాత గ్రీకు అనువాదంలోనూ మరణపు నీడే. మూడేళ్లలో ఇది చెప్పలేదా?

హెబ్రీ_మాస్టారు: యోబు 28:3లో గని లోపలి చీకటికి అదే పదం. అక్కడెవరు చచ్చారండీ?

పాత_కీర్తన: అదే యోబు 38:17లో మరణద్వారాల పక్కనే ఉంది, అదీ చదవండి.

నర్సక్క: ఆ పిల్ల తల్లి పోయి ఏడుస్తుంటే మీ పదాల గొడవేంటి? సిగ్గుండాలి.

విశాఖ_సన్నీ: మా తమ్ముడు బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు, 24 ఏళ్లు. సమాధి దగ్గర పాస్టర్ గారు "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అంటే మైకు లాక్కోవాలనిపించింది. కోపంతోనే యోబు మొత్తం చదివా. పిల్లల్ని పోగొట్టుకుని ఆ మాటన్న యోబే 3వ అధ్యాయంలో పుట్టినరోజుని శపిస్తాడు, అది ఏ సమాధి దగ్గరా చదవరు. స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా కూర్చున్నంతసేపే నయం, నోరు తెరిచాక చివర్లో దేవుడి చేత తిట్లు తిన్నారు. 88వ కీర్తన కూడా చూడండి, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది, తర్వాత స్తోత్రం గీత్రం ఏమీ లేదు. నేను వాడుక భాష బైబిల్లో చదివానులెండి, పాతది నాకెక్కదు.

పాత_కీర్తన: వాడుక భాషలో కీర్తనలా! పేపరు చదివినట్టుంటుంది.

మేరీ_ఏలూరు: మేం కతోలికులం, చనిపోయినవాళ్లని తలచుకునే నవంబరు 2న సమాధికి సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగించి, అక్కడే కూర్చుని నాన్నతో కాసేపు మాట్లాడి వస్తాం. ఆయన ఆత్మ కోసం పూజ పెట్టిస్తాం. నాకు ఏ పుస్తకం కన్నా అదే ఎక్కువ.

హెబ్రీ_మాస్టారు: చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన వాక్యంలో ఎక్కడుంది సిస్టర్?

మేరీ_ఏలూరు: 2 మక్కబీయులు 12, మా కతోలిక బైబిల్లో ఉంది. మీ ప్రొటెస్టెంట్ బైబిల్లో లేకపోతే నేనేం చెయ్యను?

గుంటూరు_పిల్ల: రాత్రుల సంగతి ఎవరూ చెప్పలేదు గానీ, సన్నీ గారూ, నిన్న రెండింటికి లేచి 88 చదివాను, రెండుసార్లు. దాని కింద అమ్మ గీత లేదు, పెన్సిల్‌తో చిన్న టిక్కు ఉంది. మళ్లీ మూస్తుంటే జిప్పు పూర్తిగా బిగుసుకుపోయింది.

మేరీ_ఏలూరు: కొవ్వొత్తి ముక్క పళ్ల మీద అటూ ఇటూ రుద్దమ్మా, కదులుతుంది. లాగకు, తెగుతుంది.