సీ భాషలో ఎర్ఫ్‌సీ: 16 డీబీ దగ్గర సున్నా ఎందుకొస్తోంది?

ప్రశ్న:
బీపీఎస్‌కే (బిట్లను తరంగపు రెండు ఫేజ్‌లుగా పంపే పద్ధతి) బిట్ ఎర్రర్ రేటు గ్రాఫ్ కోసం 0.5 * (1.0 - ఎర్ఫ్(ఎక్స్)) అని రాశాను. ఎర్ఫ్ అంటే ఎర్రర్ ఫంక్షన్, ఎక్స్ అంటే ఈబీ/ఎన్‌నాట్ (బిట్ శక్తికి, నాయిస్ సాంద్రతకి నిష్పత్తి, డీబీల్లో చెప్పేది ఇదే) వర్గమూలం, అన్నీ డబుల్ (64 బిట్ల దశాంశ) వేరియబుల్సే. 12 డీబీ దాకా గీత నున్నగానే ఉంది. 15 చుట్టుపక్కల మెట్లుమెట్లుగా మారి, 16కి అచ్చంగా సున్నా వస్తోంది. లైబ్రరీలో లోపమా? పుస్తకాల్లో ఉండే ఐదు గుణకాల పాలినామియల్ వాడితే నయమా?

జవాబు 1:
లైబ్రరీ తప్పేం లేదండీ, అంకెలు తీసివేతలో పోతున్నాయి. 1కి కాస్త దిగువన పక్కపక్క డబుల్ విలువల మధ్య ఎడం 2⁻⁵³, సుమారు 1.11 × 10⁻¹⁶. 15 డీబీకి ఎక్స్ 5.623, అసలు ఎర్ఫ్‌సీ (అంటే 1 - ఎర్ఫ్) 1.825 × 10⁻¹⁵. అంటే మీ జవాబులో ఉన్నవి పదహారు మెట్లే. మీకు గ్రాఫ్‌లో కనిపిస్తున్నవి అవే. ఎక్స్ 5.93 దాటితే ఎర్ఫ్ రౌండయి 1.0 అయిపోతుంది.

0.5 * ఎర్ఫ్‌సీ(ఎక్స్) అని రాయండి. సీ99 నుంచి మ్యాథ్ డాట్ హెచ్‌లోనే ఉంది. 16 డీబీకి 2.27 × 10⁻¹⁹ రావాలి. జీసీసీ కంపైలర్‌లో -ఎల్ఎం (గణిత లైబ్రరీని కలిపే ఆప్షన్) సోర్స్ ఫైలు పేరు తర్వాత పెట్టండి, ముందు పెడితే కొన్ని సిస్టమ్‌లలో లింకర్‌కి ఫంక్షన్ దొరకదు.

జవాబు 2:
పాలినామియల్ జోలికి పోకండి. మీరన్నది అబ్రమోవిట్జ్–స్టెగన్ గణిత సూత్రాల పుస్తకంలోని 7.1.26 అయితే, అది హామీ ఇచ్చేది 1.5 × 10⁻⁷ నిరపేక్ష దోషం మాత్రమే. 12 డీబీకే మీ రేటు 9 × 10⁻⁹, అక్కడ ఆ హామీ ఎందుకూ కొరగాదు. ఈ తోకలో చూడాల్సింది సాపేక్ష దోషం. ఫ్లోట్ (32 బిట్లది) అయితే ఇంకా ముందే దెబ్బ: ఎక్స్ 4 చేరేలోపే తీసివేత సున్నా ఇస్తుంది, ఎర్ఫ్‌సీకి ఫ్లోట్ రూపమైన ఎర్ఫ్‌సీఎఫ్ వాడాలి.

ప్రశ్న అడిగినవారు:
మార్చాను, 28 డీబీ దాకా బాగుంది. 29కి మళ్ళీ సున్నా.

జవాబు 3:
ఇది తీసివేత సమస్య కాదు, అండర్‌ఫ్లో: విలువ డబుల్‌లో పట్టనంత చిన్నదైపోతోంది. ఎక్స్ 26.54 దాటితే విలువ సబ్‌నార్మల్ (కచ్చితత్వం తగ్గిపోయే అతి చిన్న సంఖ్య), 27.3 దాటితే సున్నా. 29 డీబీకి మీ ఎక్స్ 28.18. అక్కడ ఎర్ఫ్‌సీని లాగ్‌లోనే లెక్కకట్టండి (లాగ్1పీ(వై) అంటే లాగ్(1 + వై)):

-ఎక్స్² - లాగ్(ఎక్స్ * √పై) + లాగ్1పీ(-1/(2ఎక్స్²) + 3/(4ఎక్స్⁴))

ఎక్స్ 26 దగ్గర వదిలేసిన తర్వాతి పదం 6 × 10⁻⁹ మాత్రమే. సీలో లాగ్ సహజ లాగరిథం కదా, గ్రాఫ్‌కి 2.302585తో భాగించండి. ముందున్న 0.5ని మరవకండి, భాగించే ముందే లాగ్(2) తీసేయాలి.

సొంతంగా ఎర్ఫ్‌సీ రాసేవాళ్ళకి ఇంకో గొయ్యి ఉంది: ఎక్స్‌ప్(-ఎక్స్*ఎక్స్). ఎక్స్ 26 అయితే వర్గం 676; ఆ దరిదాపుల్లో వర్గం రౌండయితే 5.7 × 10⁻¹⁴ దాకా తేడా వస్తుంది, అది ఫలితంలో నేరుగా సాపేక్ష దోషమవుతుంది. సన్ కంపెనీ వారి గణిత లైబ్రరీ ఎఫ్‌డీలిబ్‌ఎంలో ఎక్స్ కింది 32 బిట్లు సున్నా చేసి జెడ్ తీసుకుంటారు. మిగిలేది 21 బిట్లే కాబట్టి జెడ్ వర్గం ఖచ్చితంగా వస్తుంది, మిగతాది (జెడ్-ఎక్స్)*(జెడ్+ఎక్స్) రూపంలో రెండో ఎక్స్‌ప్‌లోకి వెళ్తుంది.