దత్తతకి ఇప్పుడు రిజిస్టర్ చేసుకుంటే ఏ వయసు బిడ్డ వస్తుంది? హోమ్ స్టడీలో ఏం చూస్తారు?

కూకట్‌పల్లి_నుంచి

దత్తత తీసుకుందామని ఇద్దరం నిర్ణయించుకున్నాం. ఆయనకి 44, నాకు 40. పిల్లలు లేరు. కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నాం, కానీ ఆధార్లు ఇద్దరివీ వరంగల్ అడ్రస్‌తోనే ఉన్నాయి. ఏడాది లోపు పాప అయితే బాగుంటుందని మా ఆశ. మా వయసుకి ఇస్తారా? అడ్రస్ మార్చాకే అప్లై చేయాలా? ఇంటికొచ్చి ఏం అడుగుతారు? ఇంకో విషయం. తెలిసిన నర్సు ఒకావిడ "ఒక పాప ఉంది, స్టాంపు పేపర్ మీద రాసిస్తారు, ఖర్చులు ఇస్తే చాలు" అంటోంది. అది చెల్లుతుందా?

ఫైలు_కదలాలి

వయసు సంగతి ముందు చూసుకోండి, మీకు టైం తక్కువ ఉంది. దంపతులకి ఇద్దరి వయసులూ కలిపి లెక్క. రెండేళ్ల లోపు బిడ్డకి మొత్తం 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల వరకు 90, నాలుగు నుంచి ఎనిమిది వరకు 100, ఆపైన 110. మీది 84. ఇద్దరికీ ఇంకో పుట్టినరోజు గడిస్తే 86 అవుతుంది, రెండేళ్ల లోపు వరస చేజారుతుంది. లెక్కకి తీసుకునేది రిజిస్ట్రేషన్ నాటి వయసు. అందుకని మంచిరోజులు చూసుకుంటూ కూర్చోకండి, కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పోర్టల్‌లో వెంటనే నమోదు చేసుకోండి. రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేదు, ఏజెంటూ అక్కర్లేదు. "ఏడాది లోపు" అని విడిగా అడగడానికి ఉండదు, సున్నా నుంచి రెండేళ్లు ఒకే వరస. పాప కావాలని పెట్టొచ్చు. కానీ పాపే, తెలంగాణలోనే అని రెండు వైపులా బిగిస్తే నిరీక్షణ ఇంకా పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న చిన్న బిడ్డ కోసమైతే మూడేళ్ల పైమాటే అనుకుని ఉండండి.

కాగితాలు: కుటుంబ ఫొటో, ఇద్దరి పాన్, పుట్టిన తేదీ రుజువు, అడ్రస్ రుజువు, ఆదాయానికి ఐటీ రిటర్న్ గానీ జీతం స్లిప్పులు గానీ, పెళ్లి సర్టిఫికెట్, ఇద్దరికీ మెడికల్ సర్టిఫికెట్లు, బంధువులో స్నేహితులో ఇచ్చిన రెండు సిఫారసు లేఖలు. రిజిస్టర్ చేశాక 30 రోజుల్లోగా ఇవన్నీ అప్‌లోడ్ అవ్వాలి. ఎక్కువమంది ఆగిపోయేది రెండు చోట్ల. ఒకటి, మెడికల్ సర్టిఫికెట్‌లో "ఫిట్" అని ఒక్క ముక్క రాయించుకురావడం. దీర్ఘకాలిక జబ్బు, అంటువ్యాధి, ప్రాణాంతక వ్యాధి లేవని, దత్తతకి తగినవారని స్పష్టంగా రాయించండి. రెండు, మీ పేరు. పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది ఉంటే ఇప్పుడే ఒకటి చేయించుకోండి. రేపు బిడ్డ బర్త్ సర్టిఫికెట్ దాకా అదే తప్పు వెంటబడుతుంది. పెళ్లి రిజిస్టర్ కాకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి చేయించుకోవడం మొదటి పని.

అడ్రస్ విషయంలో చాలామంది పొరబడతారు. వరంగల్ అడ్రస్ పెడితే ఇంటి విచారణ వరంగల్‌కి పోతుంది, ఉండని ఇంటికి ఎవరొచ్చి ఏం చూస్తారు? మీరుండే చోటే ఇవ్వాలి. ఇంకోటి, కూకట్‌పల్లి హైదరాబాద్ జిల్లా కాదు, మేడ్చల్-మల్కాజిగిరి. కొండాపూర్ రంగారెడ్డి, అమీన్‌పూర్ సంగారెడ్డి. నగరమంతా ఒకటే అనుకుని "హైదరాబాద్" అని పెట్టినవాళ్ల ఫైళ్లు తప్పు జిల్లాలో పడి తిరిగొస్తాయి. ముందు ఆధార్ మార్పించండి, అది ఆన్‌లైన్‌లో అయ్యే పనే. మొబైల్ నంబరు, మెయిల్ మాత్రం దత్తత పూర్తయ్యేదాకా మార్చకండి.

ఇంటి_విచారణ

హోమ్ స్టడీ, అంటే ఇంటి విచారణ గురించి. కాగితాలు అందాక 60 రోజుల్లో పూర్తవ్వాలన్నది నిబంధన. దత్తత సంస్థ నుంచో, జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచో, అదే అందరూ డీసీపీయూ అనేది, సోషల్ వర్కర్ వస్తారు. దీనికి 6,000 రూపాయలు, రసీదు తీసుకోండి. రిపోర్టు మూడేళ్లు చెల్లుతుంది, ఆ లోపు బిడ్డ రాకపోతే తిరగరాయించుకోవాలి. నిరీక్షణే మూడేళ్లు దాటుతోంది గనక గడువు తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

అద్దె ఇల్లని ఎవరూ తక్కువ చూడరు. సోఫాలు, టైల్స్ చూడటానికి రారు. బాల్కనీకి గ్రిల్ ఉందా, ఇంట్లో ఇంకెవరుంటారు, ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తే పగలు బిడ్డ ఎవరి దగ్గరుంటుంది, అప్పులెన్ని, ఇవీ చూసేవి. తర్వాత భార్యతో, భర్తతో విడివిడిగా మాట్లాడతారు. రిపోర్టు ఆగేది ఎక్కువగా ఇక్కడే. ఒకరికి ఇష్టం, ఇంకొకరు "ఆవిడ కోసం" అంటే అది దాగదు. ఐవీఎఫ్ ఇంకా నడుస్తోందా, ఆపేశారా అని కూడా అడుగుతారు. రెండూ ఒకేసారి నడిపిస్తుంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి.

"దత్తత అని బిడ్డకి చెప్తారా?" అనేది తప్పనిసరిగా వచ్చే ప్రశ్న. ఎప్పటికీ చెప్పం అంటే మంచి సమాధానం కాదు. పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు చెప్పమని అడిగే హక్కు ఆ బిడ్డకి ఉంది. అప్పుడు బయటివాళ్ల నోట వినడం కన్నా రెండుమూడేళ్ల వయసు నుంచే చిన్న మాటల్లో ఇంట్లో చెప్తూ రావడం మేలు.

కాయితం_చూస్కో

అక్కా, ఆ నర్సుకి ఇయ్యాల్నే నమస్కారం పెట్టి పంపించుండ్రి. స్టాంపు పేపర్‌తోని, నోటరీతోని ఆ బిడ్డ మీ బిడ్డ కాదు. 1956 హిందూ దత్తత చట్టం కింద ఇచ్చేటోళ్లు కన్న తల్లిదండ్రులే కావాలె, లేదంటే కోర్టు అనుమతితోని సంరక్షకులు. నర్సు, డాక్టరు ఇయ్యనీకి లేదు. పైసలు చేతులు మారినయంటే ఆ చట్టంలనే అది నేరం. పద్ధతి తప్పి అనాథనో, వదిలేసిన బిడ్డనో తీసుకుంటే జువెనైల్ జస్టిస్ చట్టంల 80వ సెక్షన్, మూడేండ్ల దాక జైలు. అమ్మడం, కొనడం 81వ సెక్షన్, ఐదేండ్ల దాక కఠిన జైలు, లక్ష జరిమానా.

2024 మేల మేడిపల్లి కేసు యాదికుందా? రాచకొండ పోలీసులు పసిపిల్లల అమ్మకాల ముఠాను పట్టుకున్నరు. కొనుక్కున్నోళ్ల ఇండ్లకెళ్లి పిల్లల్ని తీసుకపోయి సర్కారు శిశువిహార్ల ఉంచిండ్రు. పెంచుకున్నోళ్లు కోర్టుల చుట్టూ తిరిగిండ్రు.

నిజంగనే ఒక తల్లి పెంచలేనంటున్నదంటే 1098కి ఫోన్ చెయ్యమనుండ్రి. బాలల సంక్షేమ కమిటీ ముందర అప్పజెప్పొచ్చు. మనసు మార్చుకోనీకి ఆమెకు 60 రోజులుంటయి. ఆ తర్వాత బిడ్డ పోర్టల్ వరసల పోతది గని, నేరుగ మీకు రాదు.

పిల్లల_డాక్టరు

రిఫరల్, అంటే మీ వంతు వచ్చి ఒక బిడ్డ వివరాలు పోర్టల్‌లో చూపించినప్పుడు ఏం చేయాలో కూడా ఇప్పుడే తెలిసి ఉండాలి. ఎందుకంటే అప్పుడు మీ చేతిలో ఉండేది 48 గంటలే. ఆ లోపు పోర్టల్‌లో బిడ్డని రిజర్వ్ చేయాలి. లేకపోతే ఉన్న మూడు రిఫరల్స్‌లో ఒకటి పోయినట్టే. రిజర్వ్ చేశాక సంస్థకి వెళ్లి చూసి ఒప్పుకోవడానికి 30 రోజులుంటాయి. మీకు నచ్చిన డాక్టరుతో పరీక్ష చేయించుకోవచ్చు. అందుకే ఒక పీడియాట్రీషియన్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి. రాత్రి పదింటికి రిపోర్టు వాట్సాప్‌లో పెడితే పొద్దున్నకి చదివి చెప్పే మనిషి కావాలి.

రిపోర్టులో బరువు తక్కువుందని భయపడకండి. సంస్థల్లో ఉండే పిల్లల్లో అది మామూలే, ఇంటికొచ్చాక చాలామంది పుంజుకుంటారు. నేను ముందు చూసేది తల చుట్టుకొలత. ఒక్క కొలత చాలదు, నెలనెలా తీసినవి అడగండి, గీత పెరుగుతోందా ఆగిందా అన్నది తెలియాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే రెటీనా పరీక్ష, బెరా వినికిడి పరీక్ష అయ్యాయా అని అడగండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హెపటైటిస్ బి చూడండి. పద్దెనిమిది నెలల లోపు బిడ్డకి హెచ్‌ఐవీ యాంటీబాడీ పాజిటివ్ అని ఉంటే అది తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీయే కావచ్చు. బిడ్డకి ఇన్ఫెక్షన్ ఉందో లేదో పీసీఆర్ పరీక్షే చెప్తుంది. ఆ ఒక్క మాట చూసి బిడ్డని వద్దనేసేవాళ్లున్నారు, అది అన్యాయం.

తెచ్చుకునే రోజు సంస్థ ఆయాని కూర్చోబెట్టి అడగండి: ఏ పాలపొడి, ఎన్ని నీళ్లకి ఎన్ని స్పూన్లు, ఎన్ని గంటలకోసారి, పడుకునేటప్పుడు ఎత్తుకుంటారా ఊపుతారా. కొన్ని వారాలు అవే కొనసాగించండి. ఇల్లు, మనుషులు, పాలు ఒకేరోజు మారితే విరేచనాలు, ఏడుపు, నిద్రలేమి అన్నీ కలిసి వస్తాయి. వాడిన దుప్పటి ఒకటి అడిగి తెచ్చుకోండి, ఉతక్కండి. టీకాల కార్డు ఒరిజినల్ మర్చిపోవద్దు.

కూకట్‌పల్లి_నుంచి

అందరికీ ధన్యవాదాలు. నర్సుకి వద్దని చెప్పేశాం, ఆధార్ మార్పుకి పెట్టాం. మా అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడతోనూ మాట్లాడతారా? బిడ్డ వేరే రాష్ట్రం నుంచి వస్తే దత్తత ఆర్డరు ఎక్కడ ఇస్తారు?

ఫైలు_కదలాలి

ఇంట్లో ఉండే అందరితోనూ మాట్లాడతారు. కులం, రంగు గురించి ఆవిడకేమైనా పట్టింపులుంటే సోషల్ వర్కర్ వచ్చేలోపు మీరే తేల్చుకోండి.

ఆర్డరు సంస్థ ఉన్న జిల్లా కలెక్టర్ ఇస్తారు. 2022 సెప్టెంబరు నుంచి కోర్టు బదులు కలెక్టరే. బిడ్డ అస్సాంలో ఉంటే అస్సాం జిల్లాలోనే. ఆర్డరు దాకా ఆగక్కర్లేదు, పూచీపత్రం రాసిచ్చి బిడ్డని ముందే ఇంటికి తెచ్చుకోవచ్చు. అప్పుడు కట్టేది సంస్థకి 50,000. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూస్తారు, ఒక్కో విజిట్‌కి 2,000. కట్టే ముందు పోర్టల్‌లో ఆనాటి ఫీజుల పట్టిక ఒకసారి చూసుకోండి. ఇవి కాక "సెంటర్‌కి డొనేషన్" అని ఎవరైనా అడిగితే రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆర్డరు చేతికి రాగానే అక్కడే నిలబడి మీ ఇద్దరి పేర్లు, బిడ్డ పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చదవండి. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్ట్ అన్నీ దాని మీదే వస్తాయి, ఒక అక్షరం సరిచేయించడానికి మళ్లీ అస్సాం రైలెక్కాల్సి వస్తుంది.